కెస్కిడీ కోర్టులో ఆదివారం

మా అమ్మాయి శివానీకి మంచం మీద నిద్ర పట్టేది కాదు. కారులో పట్టేది.

సెలవుల్లో రాత్రి ఎనిమిదింటికి పడుకోబెడితే పది దాటినా కళ్ళు తెరుచుకుని పైకప్పు మీది బల్లుల్ని చూస్తూ ఉండేది. చివరికి హర్‌దేవ్ విసుక్కుంటూ నిక్కరు మీదే కిందికి దిగి, దాన్ని వెనక సీట్లో వేసుకుని దక్షిణాన మా ఊరు పెనాల్‌లో బజారు చుట్టూ ఒక తిరుగుడు తిప్పి తెచ్చేవాడు. కూరగాయల మార్కెట్టు దాటకముందే పిల్ల నిద్రలోకి జారుకునేది. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కుతూ, "పెట్రోలు పోసి జోలపాట పాడే తండ్రిని ఈ ద్వీపంలో నేనొక్కణ్ణే," అనేవాడు.

అందులో పిల్ల తప్పేమీ లేదు. మా ఇద్దరి ఉద్యోగాలూ ఉత్తరాన కురేప్ దగ్గర. నాది కాలేజీ లైబ్రరీలో, హర్‌దేవ్‌ది ఏసీలు బాగుచేసే కంపెనీలో. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ముదిరి పిల్లని ఊళ్ళో బడికి దింపలేనన్నాక, దాన్నీ కురేప్‌లోనే చేర్చాం. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే చగువానస్ దగ్గర హైవే మీద ఇరుక్కుపోయి ఎనిమిదిన్నరకి చేరతాం. నాలుగింటికి బయల్దేరితే అయిదున్నరకల్లా బడి గేటు ముందు కారాపుకుని ఏడింటిదాకా కునుకు తియ్యొచ్చు. దక్షిణం నుంచి వచ్చేవాళ్ళందరి పద్ధతీ అదే. మా ముందు కారు సిపారియా ఊరివాళ్ళది. ఆవిడ దగ్గర అద్దం ఉండేది, నా దగ్గర సీసాలో నీళ్ళుండేవి. ఆవిడ కొడుకూ నా కూతురూ ఒకే మురుగు కాలవ అంచున నిలబడి పళ్ళు తోముకునేవాళ్ళు. యూనిఫాం వెనక సీట్లోనే మార్చేదాన్ని. జడలు డ్యాష్‌బోర్డు లైటు కింద.

కెస్కిడీ కోర్టు అనే కొత్త ఇళ్ళ సముదాయం బోర్డు నేను రోజూ ఆ దారిలో చూసేదాన్ని. ఒకదానికొకటి అంటుకుని రెండు వరసల రెండంతస్తుల ఇళ్ళు, ముందొక గేటు, గేటు దగ్గర కాపలా మనిషి. బడి అక్కడికి పది నిమిషాలు. ఒక మంగళవారం భోజనం వేళ పర్మిషన్ పెట్టి హర్‌దేవ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. అమ్మకం చూసే చెరిస్ అనే అమ్మాయి పదకొండో నంబరు తాళం తీసింది.

తలుపు తెరవగానే హాలు, హాల్లోనే వంటిల్లు. మధ్యలో నడుమెత్తు తెల్లరాతి దిమ్మ. దాని మీద గాజు గిన్నెలో నిమ్మకాయలు. నేను దిమ్మ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. కిటికీలోంచి కొండలు కనిపిస్తున్నాయి. అక్కడ నిలబడి చపాతీ పిండి కలుపుతున్నట్టు, శివానీ ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూర్చుని ఏదో చెబుతున్నట్టు ఊహించుకున్నాను. నా పెళ్ళైన నాటినుంచీ నాకంటూ ఒక వంటిల్లు లేదు. పెనాల్‌లో ఇల్లు స్తంభాల మీద ఉంటుంది. వంట ఇంటి కింద, మా అత్తగారి పొయ్యి దగ్గర. పొయ్యి ఆవిడది, పెనం ఆవిడది, ఉప్పు ఎంతన్నది ఆవిడ ఇష్టం. నేను ఉల్లిపాయలు తరిగే మనిషిని.

"ఎంత?" అన్నాడు హర్‌దేవ్.

"ఇరవై రెండు లక్షల డాలర్లు," అంది చెరిస్, టైమెంతో చెప్పినంత మామూలుగా. "నెలనెలా మెయింటెనెన్సు వేరు. సోమవారం సాయంత్రంలోగా బయానా కట్టకపోతే ఇంకొకళ్ళు కాచుకుని ఉన్నారు."

ఆ మధ్యాహ్నం హర్‌దేవ్ నన్ను లైబ్రరీ దగ్గర దింపాడు. దింపాక అన్నాడు. "ఇరవై రెండు లక్షలు పెడితే పెనాల్‌లో రెండంతస్తులు లేపి, వెనక ఈతకొలను తవ్వించి, మిగిలినదాంతో మా అమ్మకి కొత్త మోకాళ్ళు వేయించొచ్చు."

"ఆ ఈతకొలను కురేప్‌లో ఉండదుగా."

"అక్కడ నేల మనది కాదు. అటు గోడ సగం వాడిది, ఇటు గోడ సగం వీడిది. మధ్యలో గాలికి డబ్బు కట్టాలి మనం."

"నిద్రకి కట్టాలి," అన్నాను.

అతను కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు. కానీ అతని బాధ ధర ఒక్కటే కాదని నాకు అనిపించింది. చెరిస్ ముందు అతను తన చేతుల్ని జేబుల్లోంచి తియ్యలేదు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండే ఏసీ మసి ఆ రోజూ ఉంది.

ఆ వారమంతా నేను అతని చెవి కొరికేశాను. శుక్రవారానికి "సరే, నీ ఇష్టం" దాకా వచ్చాడు. విషయం మా అత్తగారికి చెప్పాం. ఆవిణ్ణి నేనూ 'మా' అనే పిలుస్తాను.

"నేను చూడకుండా కొంటారా?" అంది మా.

"రేపు తీసుకెళతాం."

"రేపొద్దు. ఆదివారం. పదకొండింటికి."

"ఆదివారం అక్కడి ఆఫీసుకి సెలవు, మా," అన్నాడు హర్‌దేవ్.

"ఆఫీసుని చూడ్డానికా నేనొచ్చేది? మీ నాన్నకి ఈ స్థలం అమ్మజూపినవాడు బుధవారం రమ్మన్నాడు. మా మావగారు ఆదివారమే వెళ్ళాడు. ఆదివారం పదకొండింటికి అందరి పొయ్యి మీదా గిన్నె ఉంటుంది. గిన్నె వదిలేసి వచ్చి ఎవడూ నాటకం ఆడడు."

నేను నవ్వాపుకున్నాను. పాతకాలం మనిషి చాదస్తం అనుకున్నాను. చెరిస్‌కి ఫోన్ చేస్తే తాళం గేటు దగ్గర ఉంచుతానంది.

ఆదివారం మా అత్తగారు తెల్లవారేసరికే బాతు కూర, పప్పు రొట్టెలు చేసి డబ్బాలో సర్దింది. వట్టి చేతులతో ఎక్కడికీ వెళ్ళదు. వెనక సీట్లో ఆవిడ ఒళ్ళో డబ్బా, పక్కన శివానీ. హైవే ఎక్కకముందే పిల్ల నిద్రపోయింది.

కెస్కిడీ కోర్టు గేటు లోపలికి వెళ్ళగానే హర్‌దేవ్ బ్రేకు వేశాడు. లోపలి రోడ్డుకి రెండు పక్కలా కార్లు. మంగళవారం ఒక్కటీ లేదు. అన్నీ గరాజుల్లోంచి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి ఉన్నాయి. గరాజు షట్టర్లన్నీ మోకాలి ఎత్తుకి లేపి ఉన్నాయి. వాటి కింద నుంచి చెప్పులేసుకున్న కాళ్ళు, గ్యాసు బండలు, ఉల్లిపొట్టు.

హర్‌దేవ్ కిటికీ అద్దం దించి ముక్కు ఎగబీల్చాడు. "ఎవరో చక్కెర మాడుస్తున్నారు. కోడి స్టూకి రంగు రావడానికి." ఇంకోసారి పీల్చాడు. "అక్కడ కరీ. మేక."

"నేను చెప్పలా," అంది మా, నాకు అర్థం కాకపోయినా.

మేం పదకొండో నంబరు ముందు దిగేసరికి పక్కింటి షట్టరు దడదడమని పూర్తిగా పైకి లేచింది. తలకి గుడ్డ చుట్టుకున్న అరవయ్యేళ్ళ ఆవిడ, చేతిలో పొడుగు గరిటె. మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మేనేజ్‌మెంటు తాలూకానా?"

"కాదు, పెనాల్ తాలూకా," అంది మా.

"అలాగా. నేను ఇక్కడ పళ్ళెం కడుక్కుంటున్నానని చెబుదామనుకున్నా. లోపలికి రండి, షట్టరు దించాలి."

ఆవిడ పేరు మెర్ల్. రిటైరైన నర్సు. గరాజులో కారుండాల్సిన చోట రెండు పొయ్యిల స్టవ్వు, మడత బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, రేడియో. గోడకి మేకులు కొట్టి మూకుళ్ళు వేలాడదీసింది. పెద్ద గిన్నెలో చేమాకు, బెండకాయలతో కాలలూ ఉడుకుతోంది.

మా అత్తగారు గిన్నెలోకి తొంగిచూసింది. "ఏం పిల్లా, కొబ్బరిపాలు అప్పుడే పోశావేం? విరిగిపోవూ?"

"నన్ను పిల్లా అని పిలిచి ఎన్నాళ్ళయిందో. కూర్చో తల్లీ. నా కాలలూ ఇంతవరకూ విరగలేదు, నా మొగుడే విరిగి వెళ్ళిపోయాడు."

నేను అడగాల్సింది అడిగాను. "మీ ఇంట్లో వంటిల్లు లేదా, మిస్ మెర్ల్?"

ఆవిడ జాలిగా చూసింది. "రా దూదూ, నా బంగారు తల్లీ, చూపిస్తా."

లోపల అదే హాలు, అదే తెల్లరాతి దిమ్మ. స్టవ్వు అద్దానికి కంపెనీ కాగితం అంటించినది అంటించినట్టే ఉంది. ఓవెన్ తలుపు తీస్తే లోపల మడతపెట్టిన దుప్పట్లు. దిమ్మ మధ్యలో అల్లిక గుడ్డ, దాని మీద పూలకుండీ. మెర్ల్ కుండీ ఎత్తి, గుడ్డ తొలగించింది. అరచెయ్యంత పసుపు మరక.

"వచ్చిన మొదటి వారం. కరీ గరిటె అక్కడ పెట్టి ఫోనెత్తా. అంతే. ఈ దేశంలో తెల్లరాయి పెట్టి వంటిల్లు కట్టినవాడు జన్మలో కూర వండి ఉండడు." పైన ఉన్న పొగగొట్టం వైపు గరిటె చూపించింది. "ఇది పొగని బయటికి పంపదు. ఇటు పీల్చి అటు వదుల్తుంది. అది మెట్లెక్కి పడకగదుల్లోకి పోతుంది. ఒకసారి శనివారం చేపలు వేయించుకుని ఆదివారం చర్చికి వెళ్ళా. పాస్టరుగారి భార్య నన్ను కావలించుకుని, 'సిస్టర్ మెర్ల్, కింగ్‌ఫిష్షేనా?' అంది."

మా పడీపడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"గరాజులో వండకూడదని రూలేమీ లేదా?"

"ఎందుకు లేదు, జరిమానా కూడా ఉంది. మేనేజరు సోమవారం నుంచి శుక్రవారం దాకా తిరుగుతాడు. ఆదివారం ఆయనా తినాలి కదా. మూడో నంబరు ఆయనదే. వెళ్ళి చూడండి, వాళ్ళ గరాజులో పెలావ్ దించుతుంటారు."

మళ్ళీ గరాజులోకి వచ్చాం. శివానీ కారులోంచి లేచి వచ్చి కళ్ళు నులుముకుంటూ నానమ్మ పక్కన కూర్చుంది. మెర్ల్ దానికో పళ్ళెంలో కాలలూ వేసి ఇచ్చింది. మా తన డబ్బా మూత తీసింది. బాతు వాసన రాగానే పక్క గోడ మీద ఎవరో టక్ టక్ మని కొట్టారు.

"మెర్ల్, ఆ బాతెవరిది?" గోడవతల నుంచి మగగొంతు.

"నీది కాదు, కెల్విన్. నీ పని చూసుకో," అని మెర్ల్ గోడకే జవాబిచ్చి మావైపు తిరిగింది. "చూశారుగా, గోడ మందం. వాడి గురక నాకు, నా దగ్గు వాడికి."

మా దేన్నీ చుట్టూ తిప్పి అడగదు. "పిల్లా, ఇంత డబ్బు పోశావు. తగునా?"

మెర్ల్ మంట తగ్గించింది. "తగదు. ఏ లెక్కన చూసినా తగదు. మొదటి ఏడాది పెయింటు లేచిపోయింది. వాన గట్టిగా పడితే వెనక కాలవ పొంగుతుంది. బిల్డరుకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తుంది."

"అయితే అమ్మెయ్యరాదూ?"

"ఎవడైనా కొంటానని రానీ, ఈ గరిటెతో కొడతా."

"అదేంటి మరి?"

మెర్ల్ గరిటె మళ్ళీ గిన్నెలో ముంచింది. శివానీ పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది. "నేను ఇక్కడికి దూరంగా గ్రాండే ఊరవతల ఉండేదాన్ని. ఆస్పత్రి ఇక్కడ. డ్యూటీకి ముందు రోడ్డు మీద, డ్యూటీ తర్వాత రోడ్డు మీద. నా ఇద్దరు కొడుకులూ పెద్దవాళ్ళవుతున్నారని గుమ్మం దగ్గర వాళ్ళ చెప్పులు చూసి తెలుసుకునేదాన్ని. డబ్బు కూడబెట్టి కూడబెట్టి, ధర తగ్గుతుందేమోనని చూసి చూసి, ఇది కొనేసరికి పెద్దాడు గడ్డం గీసుకుంటున్నాడు. పది నిమిషాల్లో ఇంటికొచ్చేదాన్ని. వచ్చి చూస్తే ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు." గరిటె గిన్నె అంచుకి తట్టింది. "ధర తగ్గదు, దూదూ. అదొక్కటీ చెప్పగలను."

ఇంత జరుగుతున్నా హర్‌దేవ్ జాడ లేదు. బయటికెళ్ళి చూస్తే కెల్విన్ గరాజులో ఉన్నాడు. ఒక చేతిలో బీరు సీసా, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు, ఎదురుగా విప్పేసిన టేబుల్ ఫ్యాను. చుట్టూ ముగ్గురు మగవాళ్ళు. గట్టిగా నవ్వుతున్నాడు. చేతులు జేబుల్లో లేవు.

పదకొండో నంబరు తాళం తీసి మరోసారి లోపలికి వెళ్ళాను, ఒక్కదాన్నే. నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే ప్లాస్టిక్‌ది.

తిరుగుదారిలో హర్‌దేవ్ అన్నాడు. "కొందాం."

"వద్దు," అన్నాను నేను.

కారు కొంచెం పక్కకి జరిగింది. "ఏంటీ? వారం రోజులు నా ప్రాణం తీశావు కదా?"

"గరాజులో వండుకోడానికి ఇరవై రెండు లక్షలా? ఇంటి కింద వండుకోవడం పెనాల్‌లో ఊరికే వస్తుంది. అక్కడ గాలైనా ఆడుతుంది. నేను ఆ వంటింటి కోసమే ఆ ధరకి ఒప్పుకున్నాను. అది వంటిల్లే కాదు, బొమ్మ."

"నీకు వంటిల్లు కావాలని నాకెప్పుడు చెప్పావు? నిద్ర అన్నావు."

"నిద్రా కావాలి. నువ్వు మాత్రం? వారమంతా గాలికి డబ్బు కట్టాలన్నావుగా. ఇప్పుడేం నచ్చింది?"

"మొన్న నాకు అక్కడ ఊపిరాడలేదు. అక్కడుండేవాళ్ళు పొద్దున్నే టైలు కట్టుకుని కాఫీ తాగేవాళ్ళనుకున్నా. మనల్ని చూసి ముక్కు మూసుకుంటారనుకున్నా." హర్‌దేవ్ ముందున్న లారీని దాటించాడు. "కెల్విన్ బస్సు మెకానిక్. వాళ్ళావిడ మేక కూర బాగా చేస్తుంది."

"అందుకని కొందామా?"

"ధర ఎప్పుడూ ఎక్కువే. ఎక్కువ ధర పెట్టి తల వంచుకుని బతకడం నావల్ల కాదనుకున్నాను. తల వంచుకోనక్కర్లేదంటే ఆలోచిస్తాను."

వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "దులహిన్."

కోడలిని అలాగే పిలుస్తుంది, పెళ్ళైన రోజునుంచీ. "చెప్పు, మా."

"నీకు కావాల్సింది వంటిల్లా, నా నుంచి దూరమా?"

హర్‌దేవ్ అద్దంలోకి చూసి చూపు తిప్పేసుకున్నాడు. ఆవిడ గొంతులో కోపం లేదు. దాచిపెట్టి ఏదైనా చెబుదామంటే ఆవిడ ముందు కుదరదు.

"రెండూ, మా," అన్నాను.

"ఈ ముక్క ముందే అనొచ్చుగా." ఆవిడ ఖాళీ డబ్బా మూత బిగించింది. "నాకూ నా పొయ్యి నాకే ఉంటే బావుండునని ఎన్నాళ్ళనుంచో ఉంది. నేను చూడనప్పుడు పప్పు పోపులో జీలకర్ర ఎక్కువేస్తావు. నాకు తెలుసు. కడుపుమంటకి నేను రోజూ సోడా తాగుతున్నా."

నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. "మరి మేం వెళ్ళిపోతే నువ్వొక్కదానివీ..."

"పక్కనే నా చెల్లెలు, దాని కొడుకులు, దాని నోరు. నా సంగతి వదిలెయ్. దీని సంగతి చూడు."

వెనక్కి తిరిగాను. శివానీ ఆవిడ ఒళ్ళో తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మధ్యాహ్నం మూడున్నర. పొద్దున వచ్చేటప్పుడు నిద్రపోయింది, మళ్ళీ ఇప్పుడు. ఇంటి ముందు హర్‌దేవ్ ఇంజను ఆపాడు. ఆపీ ఆపగానే పిల్ల లేచి కూర్చుని, ఎప్పటిలాగే అడిగింది. "బడి వచ్చేసిందా?"

 మా అత్తగారు కారు తలుపు తీసుకుని మోకాళ్ళు పట్టుకుని దిగింది.

సోమవారం పొద్దున బడి గేటు ముందు కారులో కూర్చుని చెరిస్‌కి ఫోన్ చేశాను. ఆ తెల్లరాతి దిమ్మ తీసేసి, వంటింటికి గోడా తలుపూ పెట్టించి, పొగ బయటికి పోయే గొట్టం వేస్తారా అని అడిగాను. ప్లాను మార్చడం కుదరదంది. దిమ్మ వద్దంటే ధర తగ్గుతుందా అన్నాను. తగ్గదంది, మర్యాదగానే. నేను ఫోను చేత్తో మూసి హర్‌దేవ్ వైపు చూశాను. అతను వెనక సీటు వైపు చూస్తున్నాడు. అక్కడ పిల్ల ఒక కాలికి మేజోడుతో, ఒక కాలు ఉత్తిదిగా పడుకుని ఉంది.

"సాయంత్రం వస్తాం," అన్నాను ఫోనులో.

గృహప్రవేశానికి మా అత్తగారు వచ్చి పంతులుతో పూజ చేయించి కథ చెప్పించింది. ఇంటి ముందు జెండీ, అంటే పూజ జెండా, పాతడానికి మేనేజరు ఒప్పుకోకపోతే వెనక గజం నేలలో జెండా కట్టిన వెదురు పాతింది. మొదటి ఆదివారం పంతం కొద్దీ లోపలే వండాను. కోడి కరీ. కిటికీలన్నీ తీశాను, ఫ్యాను పెట్టాను. సోమవారం శివానీ యూనిఫాం వాసన చూసి, "అమ్మా, నేను కోడిలా ఉన్నాను," అంది. మూడో ఆదివారం హర్‌దేవ్ చెప్పకుండానే రెండు పొయ్యిల స్టవ్వు తెచ్చి గరాజులో బిగించాడు. షట్టరు మోకాలి ఎత్తుకి లేపాను. మెర్ల్ గోడ మీద రెండుసార్లు కొట్టింది. నేనూ కొట్టాను. పప్పు పోపులో జీలకర్ర నాకు నచ్చినంత వేశాను.

తెల్లరాతి దిమ్మ ఇప్పుడు శివానీ హోంవర్కు బల్ల. నేను గరాజు నుంచి గిన్నెలతో అటూ ఇటూ తిరుగుతుంటే, ఎత్తు స్టూలు మీద కూర్చుని బళ్ళో జరిగినవన్నీ చెబుతుంది. ఇన్ని కబుర్లు దానిలో ఉన్నాయని నాకు తెలీదు. పెనాల్‌లో ఇల్లు చేరేసరికి దానికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

బ్యాంకు నెలనెలా డబ్బు పట్టుకున్న రోజున హర్‌దేవ్ ఫోను చూసి, "ఇంకో ఈతకొలను పోయింది," అంటాడు. నేను తలూపుతాను. అతనన్నది నిజమే.

మంచం మీద నిద్ర మాత్రం దానికి అంత తొందరగా అలవాటు కాలేదు. చేరిన మొదటి సోమవారం ఆరింటికి నేనే లేపాను. కుళాయి దగ్గర పళ్ళు తోముకుంది. బల్ల దగ్గర కూర్చుని తిన్నది. యూనిఫాం గదిలో వేసుకుంది. కారెక్కి అలవాటుగా వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకుంది. కళ్ళు మూతలు పడేలోపు హర్‌దేవ్ బడి ముందు ఆపాడు.

"అప్పుడే వచ్చేశామా?" అంది, ఏదో లాక్కున్నట్టు.

గేటు ముందు సిపారియా వాళ్ళ కారు ఉంది. అద్దాలకి లోపలినుంచి ఆవిరి పట్టి ఉంది. ఆవిడ ఇంకా నిద్రలేవలేదు.

హర్‌దేవ్ గడియారం చూశాడు. వెనక్కి చూశాడు. "చాలా టైముంది," అని గేరు మార్చి, పిల్లని మళ్ళీ పడుకోమని చెప్పి, కురేప్ కూడలి వైపు ఒక చుట్టు తిప్పడానికి కారు కదిలించాడు.